తొమ్మిదో బెడ్ అప్పగింత

“నాకు స్వీటీ పెడ్తెనే సూది. లేకుంటె వద్దు.”

నాగమణమ్మ ఆ మాట అని గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజుల జ్వరానికి గొంతు పీలగా అయిపోయింది కానీ పంతం మాత్రం తగ్గలేదు.

సక్కుబాయి అప్పటికే కాన్యులా సూది ప్యాకెట్ విప్పి చేతిలో పట్టుకుంది. గోడ మేకుకు సెలైన్ సీసా వేలాడుతోంది. ఆమె పదకొండేళ్ళుగా ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల వార్డులో కాంట్రాక్టు నర్సు. ఫలక్‌నుమాలోని ఆ గల్లీలో ఎవరి పిల్లకు సూది వేయాలన్నా, సక్కు సిస్టర్ చెయ్యి తేలిక అని ఈ గడపకే తెచ్చేవాళ్ళు. సొంత అత్త మాత్రం చెయ్యి దుప్పట్లో దాచుకుంది.

“స్వీటీ పండుకున్నది అత్తమ్మా. రాత్రి ఆలస్యంగ వచ్చింది.”

“లేపు.”

“నేను గూడ నర్సునే.”

“కాదన్ననా? నువ్వు పెడ్తే ముల్లు గుచ్చినట్టుంటది. ఆమెది తెల్వనే తెల్వది.”

సక్కుబాయి భర్త సీమోను చాయ్ వడగడుతూ తల తిప్పాడు. లేత్ వర్క్‌షాపుకు ఆలస్యమవుతోందని అతని తొందర. “ఎవరు పెడ్తే ఏందే అమ్మా? అదే సీసా, అదే నీళ్ళు.”

“నీ మిషిను మీద వేరేటోడు చెయ్యి పెడ్తే ఊకుంటవారా?”

సీమోను మళ్ళీ చాయ్ వైపు తిరిగాడు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. చిన్నకోడలు స్వీటీ బయటికి వచ్చింది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు. ఆమె భర్త డానియేలు బస్సు డ్యూటీ మీద ఊళ్ళో లేడు కాబట్టి ఆ ఏడుపును ఆపడానికి ఎవరూ లేకపోయారు. సక్కుబాయి గోడ ఇవతల నుంచి అంతా విన్నది. లేచి వెళ్ళలేదు.

తోటికోడళ్ళిద్దరికీ తొమ్మిది రోజులుగా మాటల్లేవు. ఆ రోజు గల్లీలో ఒకావిడ పిల్లను తెచ్చి, “చిన్న సిస్టర్ ఉన్నదా?” అని అడిగింది. “పర్మనెంట్ చెయ్యి గద, తేడా ఉంటది,” అని సక్కుబాయి నలుగురి ముందూ అంది. “పరీక్ష అందరికి పెట్టిండ్రక్కా,” అని స్వీటీ మెల్లగా జవాబిచ్చింది. పర్మనెంట్ పోస్టుకు ఆ పరీక్ష ఇద్దరూ రాశారు. పాసైంది స్వీటీ ఒక్కతే. ఆ మాట అన్న రోజునుంచి ఒకే పొయ్యి మీద వంట, ఒకే వార్డులో డ్యూటీ, మాట మాత్రం లేదు.

స్వీటీ అత్త పక్కన కూర్చుని మోచెయ్యి పట్టుకుంది. నరం కోసం వేలితో తడిమింది. సూది లోపలికి పోయింది కానీ గొట్టంలోకి రక్తం రాలేదు. తీసి పక్కన గుచ్చింది. అక్కడా దొరకలేదు. చర్మం కింద చిన్న నల్లమచ్చ లేచింది.

సక్కుబాయి గోడకు ఆనుకుని చూస్తోంది. గొంతులో చల్లటి మజ్జిగ దిగినట్టు ఉంది ఆమెకు.

“నొచ్చిందా అత్తమ్మా?” స్వీటీ దూదితో ఆ మచ్చను ఒత్తి పట్టింది.

“లేదు బిడ్డా. నా నరాలే పాడైనయ్. మళ్ళ పెట్టు.”

మజ్జిగ గొంతులోనే పులిసిపోయింది. రెండుసార్లు తప్పినా నరాలదే నేరం. తను ఒక్కసారి తప్పి ఉంటే ఈపాటికి చర్చిలో అందరికీ తెలిసేది. అత్త ప్రార్థనలో స్వీటీ పేరు మొదట వస్తుంది. సక్కుబాయి పేరు ‘మా అందరినీ’ అన్న మాటలో కలిసి వస్తుంది.

“అక్కా, నువ్వు పెట్టు,” అంది స్వీటీ తలెత్తకుండా.

సక్కుబాయి వచ్చి కూర్చుంది. అత్త మణికట్టు పక్కన ఒక్క పోటు. రక్తం కనిపించింది. టేపు వేసి సెలైన్ చుక్క సరిచేసింది. అరనిమిషం కూడా పట్టలేదు.

నాగమణమ్మ కళ్ళు మూసుకునే అంది. “స్వీటీ చూపిచ్చిన చెయ్యిలనే పెట్టినవ్. అందుకే దొరికింది.”

సీమోనుకు నవ్వొచ్చింది. భార్య ముఖం చూసి ఆ నవ్వును చాయ్‌తో మింగాడు. ఆమె వెనకే వాకిట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు.

“పదకొండు గంటలకు ఇద్దరు హెడ్ సిస్టర్‌కు కాగితాలు ఇయ్యాల్నంటగద?”

“ఆ.”

“నువ్వేం రాసినవ్?”

“జరిగింది రాసిన.”

“ఇయ్యాల ఒక్కరోజన్న మాట్లాడుకోండ్రి సక్కూ. పనిల లొల్లి ఇంటికి వస్తే సైసుకోవచ్చు. ఇంట్ల లొల్లి ఆడికి పోతే పోరగాళ్ళ పానం మీదికి వస్తది.”

అతనికి అంతా తెలియదు. తెలియకుండానే సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు. సక్కుబాయి చెప్పులు వేసుకుంది. నాగమణమ్మ దగ్గర కూర్చోవడానికి పక్కింటామె వచ్చింది.

షేర్ ఆటోలో ఇద్దరూ ఒకే సీటు మీద, మధ్యలో సంచి పెట్టుకుని కూర్చున్నారు. డ్రైవర్ మొహియుద్దీన్ ఇద్దరికీ తెలిసినవాడే. వాళ్ళను చూడగానే మొదలుపెట్టాడు.

“సిస్టర్, మా ఇంట్ల నలుగురికి బుఖారే. ఈ సాల్ ఏంది గిట్లున్నది? చిన్న సిస్టర్ చెప్పినట్టు పిల్లగానికి నీళ్ళు మస్తు తాగిపిచ్చిన, జర తగ్గింది. మా అమ్మీ నీకు దువా ఇస్తున్నది.”

స్వీటీ తల ఊపింది. సక్కుబాయి రోడ్డు వైపు చూసింది. ఆటోవాడికి కూడా చిన్న సిస్టరే.

సంచిలో కాగితం ఉంది. నిన్న రాత్రి పక్కగదిలో ఏడుపు వింటూ రాసిన కాగితం. అందులో ఒక వాక్యం ఆమెను నిద్రపోనివ్వలేదు. తొమ్మిదో బెడ్ మార్పు గురించి స్వీటీకి నోటితో చెప్పానని ఉంది అందులో.

చెప్పలేదు.

వార్డులో ఒక పద్ధతి ఉంది. డ్యూటీ దిగే నర్సు, డ్యూటీ ఎక్కే నర్సును ప్రతి మంచం దగ్గరకూ వెంటబెట్టుకుపోవాలి. పిల్లను చూపించి, నోటితో చెప్పి అప్పగించాలి. ఈ ఫ్లూ కాలంలో నలభై మంచాలకు తొంభై మంది పిల్లలు. ముగ్గురు నర్సులు వాళ్ళే జ్వరంతో పడిపోయారు. చేతికి కట్టే పేర్ల పట్టీలు వారం కిందే అయిపోయాయి. పట్టీ లేనప్పుడు ఆ నోటిమాటే పిల్లకు పట్టీ.

నిన్న ఉదయం తొమ్మిదో బెడ్ మీద సోనీ అనే పిల్ల ఉంది. దాని పక్కన మడతమంచం మీద నాలుగేళ్ళ హిబా ఉంది. హిబాకు ఊపిరి ఎగదన్నింది. ఆక్సిజన్ గొట్టం తొమ్మిదో బెడ్ దగ్గరే ఉంది కాబట్టి సక్కుబాయి ఇద్దరు పిల్లలనూ అటూ ఇటూ మార్చింది. మంచాల కాళ్ళవైపు వేలాడే కేసు షీట్లు మార్చబోతుండగా ఇంకో పిల్లకు ఫిట్స్ వచ్చి పరుగెత్తింది. తర్వాత మారుద్దామనుకుంది. మరిచిపోలేదు. రెండు గంటలకు స్వీటీ డ్యూటీ ఎక్కడానికి వచ్చినప్పుడు కూడా గుర్తుంది.

స్వీటీ చేతిలో రిజిస్టర్ పట్టుకుని మంచాల వైపు నడవబోయింది. ఆమె యూనిఫాం మీద కొత్త పేరు బిళ్ళ తళతళలాడింది. సక్కుబాయి టేబుల్ దగ్గరే నిలబడి, గోడకు చెప్పినట్టు, “అన్ని షీట్లల్ల ఉన్నయ్,” అంది. సంచి తీసుకుని దిగిపోయింది. మెట్ల దగ్గర ఒక్కసారి కాళ్ళు ఆగాయి. అడిగితే చెప్తాననుకుంది. అడగాల్సింది ఆమేననుకుంది.

మూడు గంటలకు స్వీటీ తొమ్మిదో బెడ్ షీటు చూసి, సోనీకి రాసిన ఇంజెక్షన్‌ను హిబాకు ఇచ్చింది. ముఖం మీద ఆక్సిజన్ మాస్కుతో పిల్ల నిద్రలో ఉంది. తల్లి మందుల వరసలో ఉంది. పేరు చెప్పేవాళ్ళు లేరు. ఆ మందు హిబాకు పడదని ఎర్ర సిరాతో రాసిన షీటు పక్క మడతమంచానికి వేలాడుతూనే ఉంది.

పది నిమిషాల్లో పిల్ల ఒళ్ళంతా దద్దుర్లు. పెదవులు వాచాయి. మొదట చూసి కేక వేసింది స్వీటీయే. డాక్టర్లు పరుగున వచ్చారు. సాయంత్రానికి హిబా తేరుకుంది.

స్వీటీకి ప్రొబేషన్ ముగిసేది వచ్చే నెల. సక్కుబాయి కాంట్రాక్టు మళ్ళీ రాయాల్సిందీ వచ్చే నెలే. తప్పు ఎవరిదని కాగితం మీద తేలితే వాళ్ళకు ఆ నెల రాదు.

వార్డులో అడుగు పెట్టగానే దగ్గుల మోత. కిటికీల కింద, మంచాల మధ్య, గడప దగ్గర కూడా తల్లులు పిల్లలను ఒళ్ళో వేసుకుని కూర్చున్నారు. స్వీటీ తలవంచుకుని హెడ్ సిస్టర్ గది వైపు పోయింది. సక్కుబాయి కాళ్ళు మాత్రం తొమ్మిదో బెడ్ దగ్గర ఆగాయి.

హిబా లేచి కూర్చుని బిస్కెట్ నాకుతోంది. ఒక కన్ను ఇంకా కొద్దిగా వాచి ఉంది. తల్లి సాజిదా లేచి సక్కుబాయి రెండు చేతులూ పట్టుకుంది. వాళ్ళది దబీర్‌పురా.

“సక్కు సిస్టర్, నిన్న ఆ సూది వేసేటప్పుడు నువ్వు లేకుంటివి. నువ్వుంటే గిట్ల అయ్యేదా? పొద్దుగాల నువ్వే గద నా బిడ్డను ఎత్తుకొచ్చి ఈ పలంగ్ మీద పండవెట్టినవ్. నువ్వు చేసిన మంచి ఆమె ఖరాబ్ చేసింది.”

“ఇప్పుడెట్లున్నది?”

“అల్లా దయ. బిస్కెట్ అడిగింది. అల్లా కసం, ఆ చిన్న సిస్టర్‌ను ఇగ దీని దగ్గరికి రానియ్య. సూది వెయ్యాల్నంటె నువ్వే వెయ్యాలె. మా ఆయన జుల్ఫికర్ పెద్ద డాక్టర్‌కు దర్ఖాస్తు రాస్తున్నడు. ఆమె నౌకరీ పోవాలె.”

ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట అది. చిన్న సిస్టర్ వద్దు, నువ్వే కావాలి. సక్కుబాయి ఆ మాటను పూర్తిగా విన్నది. ఇంకోసారి అంటే బాగుండుననిపించింది. అలా అనిపించినందుకు ఒళ్ళు జలదరించింది. అయినా చేతులు వెనక్కి తీసుకోలేదు.

హిబా బిస్కెట్ ముక్క విరిచి ఆమె ముందు పెట్టింది. “సూది నై న?” అని అడిగింది.

“నై బేటా.”

హెడ్ సిస్టర్ గదిలో ఫ్యాను గరగరమంటోంది. ఆమె కూడా మాస్కు వెనక దగ్గుతూనే ఉంది. నాలుగు రోజులుగా ఇంటికి పోలేదని కళ్ళు చెబుతున్నాయి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని వేలితో వరసలు చూస్తూ చదివింది.

“బెడ్ మారిన సంగతి నోటితో చెప్పినట్టు నువ్వు రాసినవ్ సక్కూ.”

“అవును మేడమ్.”

“చెప్పిన సంగతి నిజమే, రద్దీల పడి మరిచిపోయిన అని స్వీటీ రాసింది.”

సక్కుబాయికి వినిపించింది కానీ అర్థం కాలేదు. పక్కకు చూసింది. స్వీటీ టేబుల్ మీది స్టాంపు ప్యాడ్‌ను చూస్తోంది.

“మంచిదే. రెండు కలిసినయ్,” అంది హెడ్ సిస్టర్. “లేకుంటె నాకు ఇంకో తలనొప్పి. స్వీటీ, నీకు మెమో తప్పదు. ప్రొబేషన్ సంగతి నా చేతిల లేదు. ఐదు నిమిషాలు బయట కూసోండి. టైపు అయితనే సంతకాలు పెట్టి పోదురు.”

బయట బెంచీ మీద ఇద్దరే. ఆవిరిమందు పట్టే నెబ్యులైజర్ కోసం వరసలో నిలబడ్డ తల్లులు వాళ్ళను చూసి పక్కకు జరిగారు.

“ఏమన్న అను అక్కా. తిట్టన్న తిట్టు,” అంది స్వీటీ.

సక్కుబాయి సంచిని ఒళ్ళోకి లాక్కుంది.

“చెప్పిన అని రాస్తవని నాకెరుకనే. రాత్రి గోడకు ఒరిగి రాస్తున్నవ్. పెన్ను చప్పుడు ఇనొచ్చింది. నువ్వు చెప్పలే అని నేను రాస్తే ఇద్దర్ల ఒకరు అబద్ధాలోళ్ళయితరు. వాళ్ళు ఎవరిని పట్టుకుంటరు? నాకు మెమో ఇచ్చి ఊకుంటరు. నీకైతే రేపటి సంది రావద్దంటరు.”

“జాలి పడ్తున్నవా నా మీద?”

సక్కుబాయి గొంతు తనకే కొత్తగా వినిపించింది. స్వీటీ తనను దొంగ అనుకున్నా భరించేది. తను అబద్ధం రాస్తుందని స్వీటీ ముందే తెలుసుకుని, ఆ అబద్ధానికి చాప పరిచి కూర్చోబెట్టింది.

“జాలి కాదు.” స్వీటీ పేరు బిళ్ళను విప్పి ఒళ్ళో పెట్టుకుంది. “ఈ వార్డుల నేనెవరిని అక్కా? సక్కు సిస్టర్ తోటికోడలిని. నరం దొరికితే ‘సక్కు నేర్పింది గద’ అంటరు. దొరకకుంటె ‘సక్కు ఇంటిదై ఉండి గిట్లనా’ అంటరు. పరీక్ష రాసి వచ్చినా గంతే. అత్తమ్మకు నా చెయ్యి ఎందుకు నచ్చుతదో ఎరికేనా? నేను భయపడుకుంట పెడ్త. నువ్వు చూడకుండనే పెడ్తవ్. నాకెప్పుడు గట్ల రాదు.”

“ఏంది రాదు?”

“గట్ల. చూడకుండ.” ఆమె కళ్ళు తుడుచుకోలేదు. “ఒక్కసారన్న నీకంటె పెద్దదాన్ననిపించుకుందామనుకున్న. అందుకే రాసిన. నీ కోసం కాదు.”

తనను చూసి ఎవరైనా కుళ్ళుకుంటారని సక్కుబాయి ఎన్నడూ అనుకోలేదు. ఇంత రోతలోనూ ఆ మాట చెవికి తియ్యగా తగిలింది. కాస్త ఆగి, ఆ తీపి కింద ఉన్నది కనిపించింది. సంతకం పెడితే ఉద్యోగం నిలుస్తుంది. స్వీటీ మాత్రం పై మెట్టు మీద నిలబడుతుంది, బతికినన్నాళ్ళూ. అన్నం వడ్డించినప్పుడల్లా, అత్తకు సూది పెట్టినప్పుడల్లా, ఏమీ అనకుండానే నిలబడుతుంది.

“సక్కూ, స్వీటీ, రండి.”

టైపు చేసిన కాగితం టేబుల్ మీద ఉంది. స్వీటీ ముందుకు వంగి గబగబా సంతకం పెట్టేసింది. పెన్ను సక్కుబాయి వైపు జరిపింది.

సక్కుబాయి పెన్ను తీసుకుంది. హెడ్ సిస్టర్ వేలు పెట్టిన చోట కాగితం ఖాళీగా ఉంది.

“ఏమైంది? కళ్ళద్దాలు కావాల్నా?”

“ఇందుల తప్పున్నది మేడమ్.”

“టైపు తప్పా?”

“నేను రాసిందే తప్పు.”

“అక్కా, సంతకం పెట్టు,” అంది స్వీటీ. ఆమె చెయ్యి టేబుల్ కింద నుంచి సక్కుబాయి కొంగు పట్టుకుంది. “మేడమ్, ఆమెకు రాత్రి నిద్ర లేదు. మా అత్తమ్మకు జ్వరం...”

నిజం చెప్పాలనిపిస్తున్నది హిబా కోసమా, స్వీటీ చేతిలోంచి ఆ పెద్దరికం లాక్కోవడానికా అన్నది సక్కుబాయికి తెలియలేదు. తెలుసుకోవడానికి ఆగితే నోరు మళ్ళీ మూసుకుపోతుందని మాత్రం తెలిసింది.

“నేను చెప్పలే మేడమ్,” అంది. “నాకు యాదికున్నది. ఈమె ఎదురుంగనే ఉన్నది. అయినా చెప్పలే. మా ఇద్దరికి మాటలు లేవు. అందుకు చెప్పలే.”

హెడ్ సిస్టర్ మాస్కు కిందికి లాగింది. దగ్గు కూడా రాలేదు ఆమెకు. “మాటలు లేవా? తొంభై మంది పిల్లలున్న వార్డుల?”

స్వీటీ కొంగు వదిలేసింది. ఆమె ముఖంలో ఊరట కోసం చూసింది సక్కుబాయి. అది లేదు. పళ్ళు బిగించి, చిన్నపిల్ల చేతిలోంచి ఏదో గుంజుకున్నట్టు చూస్తోంది.

“ఇది గూడ నాకు దక్కనియ్యవా అక్కా?”

వెనక తలుపు కిర్రుమంది. ఖాళీ నీళ్ళ సీసా పట్టుకుని సాజిదా గడపలో నిలబడి ఉంది. ఆమె వెనక జుల్ఫికర్ చేతిలో దర్ఖాస్తు కాగితం. ఎంతసేపటి నుంచి ఉన్నారో తెలియదు.

సాజిదా స్వీటీ వైపు చూడలేదు. సక్కుబాయినే చూస్తోంది.

“ఏం చెప్పలే సక్కు సిస్టర్?” అని అడిగింది.